డొల్ల గోడలు

అక్క తలుపు తీసింది కానీ లోపలికి రమ్మనలేదు. చెల్లెలు మాత్రం పిలుపు కోసం ఆగే మనిషా? నేరుగా వెళ్లి మీటరు ముందు నిలబడింది.

చెల్లెలిది కరెంటు పొదుపు మీద పరిశోధన. పన్నెండు దేశాల్లో ఒకేసారి జరుగుతోంది, ఈ ఊరి వంతు పది ఇళ్లు. అయిదిళ్ల గోడలకు రంధ్రాలు పెట్టి, చలి ఆగేలా లోపల నురుగు నింపారు. పోల్చి చూడ్డానికి మిగతా అయిదింటికీ అలాగే రంధ్రాలు పెట్టి, నురుగు పంపు ఉత్తినే మోగించి మూసేశారు. ఏ ఇంటికి ఏం చేశారో ఇంట్లోవాళ్లకు చెప్పకూడదు. చుట్టాల ఇళ్లు అసలే తీసుకోకూడదు. పదో ఇల్లు దొరక్క చెల్లెలు అక్క ఇల్లు రాసేసింది. చుట్టరికం దాచింది. ఎవరైనా ఫోన్ చేస్తే నేనెవరో తెలియదని చెప్పమని అక్కకు నూరిపోసింది కూడా.

"మీటరు ఎవరు కెలికారు?" అంది చెల్లెలు.

"మీ బావ మోకాళ్ల నొప్పితో కుర్చీలోంచి లేవలేకపోతున్నాడు. ఆయన కెలికాడంటావా?"

దుప్పటి కప్పుకుని కూర్చున్న బావ కిటికీ వైపు తిరిగాడు.

"రెండేళ్లుగా మీ ఇంట్లో వాడకం సగానికి సగం పడిపోయింది. నురుగు నింపిన ఇళ్లకన్నా తక్కువ. రేపటిలోగా కారణం చెప్పకపోతే నా పని మూసేస్తారు, తెలుసా?"

"నింపిన ఇళ్లకన్నానా? మరి మాది?"

చెల్లెలు నాలుక కరుచుకుంది. ఇంకేం లాభం, నోరు జారాక.

అక్క గోడ మీద చెయ్యి పెట్టింది. గోడ చల్లగానే ఉంది.

"మా గోడలు నింపారనే అనుకున్నాను. అయినా మొదటి నెల వాడకం తగ్గలేదు. నాకే పొదుపు చేతకాలేదేమో, నా వల్ల నీకు మాట వస్తుందేమో అనుకున్నాను. హీటరు ఆపేశాను. ఇల్లు వెచ్చగా ఉందని నెలనెలా నీ కాగితాల్లో రాసిచ్చాను. రెండు చలికాలాలు, ఆయన మోకాళ్లతో."

ఆ మాటకు మనిషన్నది కరగాలి. చెల్లెలికి ముందు గుర్తొచ్చింది మోకాళ్లు కాదు, కాగితం. ఏం మనిషో!

"అదే రాసి సంతకం పెట్టక్కా. నేను గట్టెక్కుతాను."

"ఎవరి కోసం చేశానని రాయను? ముక్కూమొహం తెలియని పిల్ల కోసమనా?"

చెల్లెలి కోసమని రాస్తే దాచింది బయటపడుతుంది. రాయకపోతే రేపటితో సరి. అక్క తనను అంత కసిగా ఎప్పుడూ చూడలేదు, అలా చూసే హక్కు అక్కకుందని కూడా చెల్లెలికి మనసులో తెలుసు.

అక్క వెళ్లి హీటరు చివరిదాకా తిప్పింది. మీటరు మీద ఎర్ర దీపం గబగబా కొట్టుకోసాగింది. బావ దుప్పటి తీసి చేతులు ముందుకు చాపాడు.

"చూసుకో. ఇది ఖాళీ గోడల ఇంటి లెక్క. నీకు కావలసింది ఇదేగా."

"అక్కా..."

"వెళ్తూ తలుపు వేసి వెళ్లు. మా గోడలు ఎలాగూ వేడి ఆపవు."