గడప ఇవతల

కంబదూరులో పురాణం చెప్పే నరహరిశర్మ ఏ గ్రంథాన్నైనా ఎలుగెత్తి చదువుతారు. గ్రంథాలయంలో పనిచేసే ఎస్తేరు, అంటరానిదిగా బతికిన తన అవ్వ కథను పుస్తకంగా రాసి ఆయన చేతికిచ్చింది.

"దీన్నీ గట్టిగానే చదవాల స్వామీ! మా అవ్వ మాట మీ నోట వినాల," అని నవ్వింది.

మండువేసవి మధ్యాహ్నం ఆయన అరుగు మీద కూర్చుని చదవసాగారు.

"నేను గడప తొక్కలేదు, బిందె ముట్టలేదు. దోసిలి పడితే ఎత్తునుంచి పోసినారు."

చదివే కొద్దీ ఆయన స్వరం సన్నబడి, ఎవరో ముసలామె గొంతులా వినిపించింది. నాలుక పిడచకట్టుకుపోయింది. నీళ్ల కోసం లేచారు గానీ, కాలు తన ఇంటి గడప ముందే ఆగిపోయింది. రామనామం స్మరించినా అడుగు పడలేదు.

"ఏం మామా, ఆడే నిలబడినారే? లోపలికి రాండి, బిందె ఈడే ఉండాది కదా!" అంది కోడలు వైదేహి.

"ముట్టకూడదమ్మా," అన్నది ఆయన నోరు. చేతులు వాటంతటవే దోసిలి పట్టాయి.

హాస్యమనుకుని ఆమె నవ్వుతూ చెంబుతో నీళ్లు పోసింది. దాహం ప్రాణం తోడేస్తుంటే ఆయన వంగి తాగారు. తలెత్తి చూసేసరికి కోడలి ముఖంలో నవ్వు లేదు. భయంతో ఆమె తన చేతినే చూసుకుంటున్నది. చెంబు పట్టిన ఆ చేయి, ఆయనను తాకకుండా, ఇంకా పైపైకి లేస్తున్నది.