నాలుగు నెలల మర్దన

నా భార్య తలను నా చేతుల్లోంచి లాక్కున్నది ఆమె చెల్లెలే. ఇందులో వాదనకేమీ లేదు.

యాభై దాటాక నా భార్యకు జుట్టు రాలడం మొదలైంది. పాపిట వెడల్పయి నడినెత్తిన చర్మం కనబడేది. తలకు గుడ్డ కట్టుకోకుండా గుమ్మం దాటేది కాదు. గుండెజబ్బుకు అప్పటికే గుప్పెడు మాత్రలు మింగుతోంది. జుట్టు కోసం ఇంకొక్క మాత్ర కూడా మింగనంది, పోతే పోనీ అంది. అని, అద్దం ముందు నిలబడి ఏడ్చింది.

మరదలికి బజారులో బ్యూటీపార్లర్ ఉంది. మందు లేకుండా జుట్టు మొలిపిస్తానని సన్న సూదుల రోలరు తెచ్చి అక్క నెత్తిమీద దొర్లించింది. నా భార్య మాత్రల్లో రక్తం పలచబరిచేది ఒకటుంది. నెత్తురు ఒక పట్టాన ఆగలేదు. గుండె డాక్టరు అక్కాచెల్లెళ్ళిద్దరినీ కడిగేశాడు. దాంతో సూదులు పోయి మర్దన వచ్చింది. నూనె అక్కర్లేదు. వేళ్ళు ఆనించి చర్మాన్ని కదపాలి, వెంట్రుకల్ని రుద్దకూడదు. రోజూ పది నిమిషాలు, నెలల తరబడి. నా భార్యకు భుజం పట్టేసి చెయ్యి పైకి లేవదు. ఆ పని నా మీద పడింది.

నేను లేత్ మిషన్ మీద ఇనుము తరిగేవాణ్ణి. పని దిగాక మూడుసార్లు సబ్బు పెట్టినా వేళ్ళ గీతల్లో నలుపు పోదు. ఆమె పీట మీద, నేను వెనక కుర్చీలో. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె తల ఎన్నడూ అంతసేపు పట్టుకోలేదు. మొదట్లో కదలకని కసిరేవాణ్ణి. పోనుపోను పది నిమిషాలు అరగంటయ్యేవి. ఆమె రోజంతా జరిగింది చెప్పేది, నేను ఊఁ కొట్టేవాణ్ణి.

నాలుగో నెలలో ఒక సాయంత్రం బొటనవేలికి గరుకు తగిలింది. లేత్ పనివాడి వేలికి వెంట్రుకవాసి తేడా తెలుస్తుంది. కొత్త జుట్టు. నేను చెప్పలేదు. పొరపాటైతే మళ్ళీ ఏడుస్తుంది.

ఆ వారమే మరదలు జుట్టు మొలిపిస్తుందని ఎర్రలైటు టోపీ ఒకటి తెప్పించింది. రోజు విడిచి రోజు కాసేపు పెట్టుకుంటే చాలట. నన్నూ పార్లర్‌కు రమ్మని, నలుగురు ఆడవాళ్ళ ముందు దాన్ని అక్క నెత్తిన పెట్టింది.

“ఇంక బావకు సెలవిచ్చెయ్యక్కా. అవి చేతులా, ఆకురాళ్ళా? ఉన్న నాలుగూ ఊడగొడతాడు.”

అందరూ నవ్వారు. నా భార్య కూడా నవ్వింది.

సాయంత్రం ఆమె ఎప్పటిలాగే పీట వేసుకుని కూర్చుంది. నేను పేపరు తీశాను.

“ఏమండీ, రారేం?”

“టోపీ ఉందిగా.”

“అది ఏదో వేళాకోళానికి అంది. మీరొస్తారనే కూర్చున్నా.”

“నీ చెల్లెల్నే పిలుచుకో.”

లేచి లోపలికి వెళ్ళింది. మర్నాడు కూడా కూర్చుంది. మూడోనాడు పీట వెయ్యలేదు. ఆ తర్వాత ఆరునెలలు, రోజు విడిచి రోజు, ముందుగదిలో ఒక్కతే ఆ టోపీ కింద కళ్ళు మూసుకుని కూర్చునేది. నేను వంటింట్లో తింటూ ఉండేవాణ్ణి. ఒక పొద్దున పొయ్యి దగ్గర కూలబడింది. డాక్టరు వచ్చేసరికే అయిపోయింది.

నెల తిరక్కుండా మరదలు ఫోను పట్టుకుని వచ్చింది. అందులో అక్క నెత్తి ఫోటోలు రెండున్నాయి, మొదట తీసిందీ, పోయేముందు తీసిందీ. రెండోదాంట్లో పాపిట పూడింది. పార్లర్ గోడకు పెద్దవి చేయించి పెడతానంది. సరే అన్నాను. ఆమె అంతటితో ఊరుకోలేదు.

“అక్క ఒప్పుకునేది కాదు బావా. ‘టోపీ కాదే, మీ బావ చేతులే, అప్పుడే మొలిచాయి, నాకు తెలుసు’ అనేది. అంత బాగా చేస్తుంటే నువ్వెందుకు మానేశావు?”

ఫోను ఆమె చేతిలో పెట్టి వెళ్ళమన్నాను. వాకిట్లో నిలబడి మళ్ళీ అడిగింది. తలుపు వేశాను.

ఎందుకు మానేశానో నాకు తెలుసు. మరదలికి చెప్పలేదు, ఎవరికీ చెప్పను. ఈ మాట ఇంక నా నోట రాదు.