అందరికీ వేడే

ఎండలు ముదిరేసరికి రాజమణికి ఆ మాట మనసులోనైనా అనుకోక తప్పలేదు. గజ్జి. పైకి మాత్రం వాళ్లింట్లో ఎవరికేమొచ్చినా వేడే. అత్త వరమ్మకు వీపు మంటపెడితే వేడి, కూతురు తనూజకు వేళ్ల సందుల్లో పొక్కులొస్తే వేడి, భర్త అమరనాథ్ నడుం బరబరా గీరుకుంటే అదీ వేడే. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగీ తాగీ ఇల్లంతా చల్లబడింది గాని దురద ఒక్కటే తగ్గలేదు.

ఇల్లు శాలిబండలో, గాజుల దుకాణం చార్మినార్ దగ్గర. దుకాణంలో రాజమణి పని ఆడవాళ్ల చేయి పట్టుకోవడమే. వేళ్లు దగ్గరికి నొక్కి, సబ్బునీళ్లు రాసి, మాటల్లో పెట్టి, ఒక్కటీ చిట్లకుండా డజను గాజులు ఎక్కించేస్తుంది. ఆ చేతి కోసమే పక్క దుకాణాలు దాటుకుని వచ్చేవాళ్లున్నారు. ఆ చేతికే గజ్జి అని తెలిస్తే ఇంకెవరు చేయి చాపుతారు?

అందుకే తెలిసిన మొహం కనబడని దిల్‌సుఖ్‌నగర్ దాకా పోయి, మాస్కు కట్టుకుని మరీ డాక్టరుకు చూపించుకుంది.

"కంటికి కనబడని పురుగమ్మా. ఇంట్లో అందరూ ఒకే రోజు మెడ నుంచి పాదాల దాకా మందు పూసుకోవాలి. బట్టలు, దుప్పట్లు మరిగే నీళ్లలో ఉతకాలి. ఒక్కరు తప్పినా మళ్లీ వస్తుంది" అన్నాడాయన.

రాజమణి బుద్ధిగా తలూపి ఒక్క ట్యూబు కొనుక్కొచ్చింది. అందరూ పూసుకోవాలంటే అందరికీ చెప్పాలి కదా! అంతకన్నా గోక్కోవడమే నయం.

పూసుకుంటే తగ్గేది, నెల తిరక్కుండా మళ్లీ మొదలయ్యేది. మందే నకిలీదని డాక్టరును తిట్టుకుని ఇంకో ట్యూబు తెచ్చుకుంది. పోపుల డబ్బాలో దాస్తే తనూజ కంటపడుతుందని, ఈసారి అటక మీంచి అమ్ముడుపోని గాజుల డబ్బా దించింది. గాజులమ్ముకునే ఇంట్లో ఆ డబ్బా జోలికి ఎవరూ పోరు. మూత తీసి చూస్తే లోపల అప్పటికే మూడు ట్యూబులున్నాయి, సగం సగం పిండినవి.

"ఏందత్తమ్మా ఇవి?"

వరమ్మ గోడవైపు తిరిగింది. "నడిమిది నాది. ఉగాదికే తెచ్చుకున్న. చెప్తే నా మంచం బయటేస్తరని చెప్పలే."

తనూజ కాలేజీ నుంచి రాగానే ట్యూబులు చూసి ఏడ్చేసింది. అమరనాథ్ మాత్రం, "నాది వేడే. గా ట్యూబు ముందుజాగ్రత్తకు తెచ్చిన" అన్నాడు.

ఒకరికి తగ్గేసరికి ఇంకొకరు అంటించుకుంటూ, నలుగురూ కలిసి ఆ పురుగును వంతులవారీగా సాకారన్నమాట.

ఆ ఆదివారం ఇంటిల్లిపాదీ మందు పూసుకుని, ఉన్న బట్టలన్నీ మరిగించారు. మిద్దె నిండా దుప్పట్లు చూసి పక్కింటివాళ్లు పెళ్లి చూపులా అని అడిగారు. డాక్టరు చెప్పినట్టే వారం తర్వాత ఇంకోసారి పూసుకున్నారు. దురద పోయింది. రాజమణికి ప్రాణం లేచొచ్చింది.

బోనాలప్పుడు దుకాణం కిటకిటలాడుతుంటే పాత గిరాకీ నాగమణమ్మ వచ్చి చేయి చాపింది. వేళ్ల సందుల్లో ఎర్రటి పొక్కులు. ఎండాకాలంలో పెళ్లి గాజులకు ఈమె వచ్చినప్పుడు ఇదే చేతిని తాను ఎంతసేపు పట్టుకుందో రాజమణికి గుర్తుంది.

"వేడి చేసింది రాజమణీ. ఇంట్ల అందరికి గిట్లనే ఉంది" అంది నాగమణమ్మ, చేయి వెనక్కి తీసుకోబోతూ.

చెప్పాలి. డాక్టరన్న ప్రతి మాటా ఆమెకు నోటికొచ్చు. వెనక ఆడవాళ్లు వరసకట్టి ఉన్నారు. గల్లా దగ్గర్నుంచి అమరనాథ్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. సిగ్గుతో రాజమణికి ముఖమంతా మండింది. బయట పొద్దుటి నుంచీ వాన పడుతూనే ఉంది.

"అవునక్కా, వేడే" అంది. "సబ్జా తాగుండ్రి."

ఆ చేయి గట్టిగా పట్టుకుని, వేళ్లు దగ్గరికి నొక్కి, గాజులు ఎక్కించింది. ఒక్కటీ చిట్లలేదు.