కోవిల్‌పట్టిలో ఒక కొవ్వొత్తి

మా ఆయన సుబ్బురాజ్ మమ్మల్ని విహారయాత్రకు తీసుకుపోయిన ఊరు కోవిల్‌పట్టి. మా ఏళాయిరంపన్నైకి అదెంత దూరమని అడక్కండి. బస్సెక్కి ఒక కునుకు తీద్దామనుకునేలోగా దిగమంటారు. పంటినొప్పి వచ్చినా, పెళ్ళిచీర కొనాలన్నా మేం పోయే ఊరదే. కొడైకెనాల్ అని నేనూ, సముద్రమని నా కూతురు సంగవీ రెండేళ్ళుగా మొరపెట్టుకుంటే, దీపావళి బోనసు చేతికొచ్చి, ఫ్యాక్టరీ నెలరోజులు మూసేశాక, ఈ మహానుభావుడు తేల్చింది ఇది.

"మందుచీటీ లేకుండా ఎప్పుడన్నా కోవిల్‌పట్టికి పోయినామా? ఆ ఊరిని మనము సూడనే లేదు. ఏసీ రూము సెప్పినాను, తెలుసునా?" అన్నాడు.

"కొడైకెనాల్లో సలి సుమ్మానే దొరుకుతాది మామా. ఈడ దానికి దుడ్డు కట్టాలనా?" అన్నాను.

మా అత్త సీనియమ్మాళ్ నలుగురికి సరిపడా పులిసోరు, అదే పులిహోర, మూట కట్టింది. హోటలు తిండిమీద ఆవిడకు నమ్మకం లేదు. ఏసీ మీద అసలే లేదు.

నిజానికి ఈ యాత్ర సంగవి పదో పుట్టినరోజు కోసం. బడిలో పిల్లలందరూ కేకు కోస్తారు, కొవ్వొత్తి ఊదుతారు, ఆ ఫోటోలు ఫోన్లలో చూపించుకుంటారు. మా పిల్ల చూసి వస్తుంది. "అమ్మా, నేను ఒక్కతూరి ఊదాల" అని ఏడాదంతా నా చెవిలో జోరీగలా అదే మాట. మా ఇంట్లో అది జరిగే పని కాదు.

మేం బాణసంచా పనివాళ్ళం. నేను కాగితపు గొట్టాలు చుడతాను, మా ఆయన వాటిలో మందు కూరుతాడు. అత్తా ముప్పై ఏళ్ళు అదే పని చేసింది. ఊరూరా వెలిగేవి మా చేతిమీదుగా పోయినవే. మా గడప ముందు మాత్రం దీపావళికి ఒక్క కాకరపువ్వొత్తి కూడా వెలగదు. ఇరవై రెండేళ్ళ కిందట ఒక షెడ్డు అంటుకున్నప్పుడు మా మామ ముత్తురామన్ బయటికి రాలేకపోయాడు. ఆ రోజునుంచి అత్త అగ్గిపుల్ల ముట్టుకోలేదు. పొద్దున్నే నేను గ్యాసు వెలిగించేదాకా వాకిట్లోనే నిలబడుతుంది. కేకు మాటెత్తితే, "నోటితో దీపమార్పేది ఏమి పండగే?" అంటుంది. అది సాకని అందరికీ తెలుసు. ఆవిడమీద నాకు కోపం వస్తుంది, మరుక్షణం కోపం వచ్చినందుకు నామీద నాకే సిగ్గేస్తుంది. కానీ పిల్ల కూడా పిల్లే కదా.

లాడ్జి వాకిట్లోనే మా పరువు పోయింది. మా ఫ్యాక్టరీలో షెడ్డు గుమ్మానికి ఒక రాగిరేకు కొట్టి ఉంటుంది. లోపలికి పోయేముందు చెప్పులు విడిచి, అరచెయ్యి దానికి ఆనించాలి. ఒంట్లో ఉన్న కరెంటు నేలలోకి దిగిపోవాలని. లాడ్జి తలుపుకు ధగధగలాడే ఇత్తడిరేకు ఒకటి ఉంది. అత్త చెప్పులు మెట్లకింద వదిలి, దానిమీద చెయ్యి ఆనించి లోపలికి నడిచింది. వెనకాల మా ఆయన. ఆయన వెనక నేనూ, ఆలోచించకుండానే. మేనేజరు కళ్ళప్పగించి చూశాడు. మధ్యాహ్నం గుడికని బయల్దేరినప్పుడు, ఆ మేనేజరు కూడా రేకు తాకి కళ్ళకద్దుకుంటున్నాడు.

శెణ్బగవల్లి అమ్మవారిని చూశాం. వేడివేడి కడలైమిట్టాయి కొన్నాం, అదే మా పల్లీపట్టీ. సంగవి ఏసీకింద దుప్పటి కప్పుకుని వణికి, దుప్పటి తీసి మళ్ళీ వణికి, కొడైకెనాల్ చూసినంత సంతోషపడింది. అత్త వరండాలో కూర్చుని పులిసోరు తింది.

సాయంత్రం పరోటాల హోటలుకు తీసుకుపోయాడు మా ఆయన. అంతకుముందే ఎవరికీ చెప్పకుండా బేకరీలో కేకు కొని, డబ్బా హోటలు ఓనరు రామసుబ్బు చేతిలో పెట్టి, తిన్నాక తెమ్మని చెప్పాడట. కొవ్వొత్తి వద్దని బేకరీలో గట్టిగానే చెప్పానని ఇప్పటికీ ఒట్టేస్తాడు. వాళ్ళేమో ఊరికే ఇస్తున్నాం కదా అని ఒకటి డబ్బాలో పడేశారు. అదీ మామూలు కొవ్వొత్తి కాదు, చిచ్చుబుడ్డిలా నిప్పులు చిమ్మేది.

పాపం, రామసుబ్బుకు మా కథ ఏం తెలుసు? దాన్ని వెలిగించి, కేకు పళ్ళెం రెండుచేతులా పట్టుకుని, నవ్వుతూ మా వెనకనుంచి వచ్చాడు.

సుర్‌ర్‌ర్‌మంది.

ఆ చప్పుడు మాకు తెలుసు. వత్తికి నిప్పు పడిన చప్పుడు. అత్త కుర్చీ తన్నేసి, సంగవిని చంకలో ఇరికించుకుని, "పరిగెత్తండా! తిరిగి సూడొద్దండా!" అని అరిచింది. నేను చెప్పులు వదిలేశాను. మా ఆయన నన్ను దాటి దూకాడు. మమ్మల్ని చూసి హోటల్లో జనమంతా లేచారు. ఒకాయన పరోటా ఆకుతో సహా బయటపడ్డాడు. అందరూ పరిగెత్తుతుంటే రామసుబ్బు మాత్రం ఎందుకాగుతాడు? ఆయనా పరిగెత్తాడు, మండుతున్న కేకు చేతిలో పెట్టుకునే. మేం ఎటు తిరిగితే నిప్పు అటు తరుముకొస్తోంది.

రోడ్డు వారకు వచ్చాక, ముందర పోతున్న అత్త ఆగింది. వెనక్కి తిరిగింది. మనిషి చేతిలో నిప్పు చూసింది. పిల్లను నామీదికి తోసి, చేతులు కడిగే నీళ్ళ బకెట్టు ఎత్తి, ఎదురుపోయి రామసుబ్బు మీద కుమ్మరించింది.

కేకు ఆరింది. రామసుబ్బు కూడా.

పరోటా ఆకు పట్టుకున్నాయన నవ్వడం మొదలుపెట్టాడు, అందరూ పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. మాకు ఇంట్లో తెలుగు, బయట తమిళం. మా ఆయన తమిళంలో క్షమాపణలు మొదలుపెడితే, రామసుబ్బు మీసం మీద క్రీము తుడుచుకుంటూ తెలుగులో అందుకున్నాడు. "ఉండనీయన్నా. అవ్వ మన మాటలో అరిచినాది సూడు, మా అమ్మ అరిచినట్టే ఉండె. నాకు కాళ్ళు నిలవలేదు."

సంగవి ఒక్కతే నవ్వలేదు. పళ్ళెంలో నీళ్ళలో తేలుతున్న కేకును చూస్తోంది. క్రీముతో రాసిన పేరులో మొదటి అక్షరం మాత్రమే మిగిలింది.

"ఏమే అది?" అంది అత్త.

"కేకు అవ్వా. ఊదాలని."

"ఏమిటిని?"

"నిప్పుని. ఒక్కతూరి." అని గబుక్కున, "వద్దులే అవ్వా. నీకు బయము గదా. నేను పెద్దయినాంక ఊదుతాను" అంది.

పదేళ్ళ పిల్ల అరవై ఏళ్ళ మనిషికి ధైర్యం చెబుతోంది. అత్త పిల్ల ముఖం చూసింది. తర్వాత రామసుబ్బు వైపు తిరిగింది.

"అయ్యా, కొవ్వొత్తి ఒకటి ఉండాదా? సాదువైనది. సుర్రుమననిది."

కరెంటు పోతే వెలిగించేది ఒకటి ఉంది. కేకు లేదు కాబట్టి కడలైమిట్టాయి పలకను అరిటాకులో పెట్టి, దానిమీద కొవ్వొత్తి నిలబెట్టాం. ఇక అత్త అధికారం మొదలైంది. రెండు బకెట్ల నీళ్ళు తెప్పించింది. ఎదురుగా ఇల్లు కడుతుంటే అక్కడినుంచి తట్టెడు ఇసుక తెప్పించింది. అందరిచేతా చెప్పులు విడిపించింది. సంగవిది నైలాను గౌను, అంటుకుంటుందని కొడుకు భుజంమీది నూలు తువ్వాలు లాగి పిల్లకు చుట్టబెట్టింది. హోటలు మూలన ఉన్న ఇత్తడి బిందెకు అందరూ ఒక్కొక్కరుగా అరచెయ్యి ఆనించాలన్నది. పరోటా తినడానికి వచ్చిన పదిహేనుమందీ వరసకట్టి ఆనించారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు.

మా ఆయన అగ్గిపెట్టె తీసుకోబోయాడు. అత్త ఆయన చెయ్యి తోసేసింది.

"నేను" అంది.

మొదటి పుల్ల విరిగింది. రెండోదాన్ని చిట్టచివర పట్టుకుని గీసింది. నేను పెట్టె అందుకుందామని పోయి, ఆగిపోయాను. భగ్గుమంది. అత్త ముఖం పక్కకు తిప్పుకుంది గాని పుల్ల వదల్లేదు. వత్తి అంటుకుంది.

"ఊదు తల్లీ" అని కళ్ళు గట్టిగా మూసుకుంది.

సంగవి ఊపిరి బిగబట్టి, ఏడాది ఆశంతా కలిపి ఊదింది. ఆరిపోయింది. హోటలంతా చప్పట్లు. మా ఆయన ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాడు, నేను చూశాను.

అత్త ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. కొవ్వొత్తినీ, దానిమీద సన్నగా లేస్తున్న పొగనూ చూసింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే అవ్వా."

"ఇంతదానికా పదేండ్లు పిల్లను ఏడిపించినాను?" అని నుదురు కొట్టుకుంది. తర్వాత చేతిలోని అగ్గిపెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసింది.

"శానా ఉండాయి. రా, ఇంకొకతూరి ఊదు."