పిలిస్తేనే పలకండి

"జె కీ మీద వేలు పెట్టారా? సన్నగా గీత తగలాలి. ఎక్కడెక్కడ తిరిగినా వేలు మళ్ళీ అక్కడికే రావాలి," అంటున్నాడు యేసుకుమార్.

గవర్నర్‌పేటలో మందుల హోల్‌సేల్ షాపుల మీద, రెండో అంతస్తులో ఇరుకు గది. చూపులేని పెద్దవాళ్ళు వరసగా కంప్యూటర్ల ముందు కూర్చుని ఉన్నారు. మానిటర్లన్నీ ఆర్పేసే ఉంటాయి, ఇక్కడ వాటితో పనిలేదు. ఎవరు నొక్కిన అక్షరం వాళ్ళ చెవిలో పలుకుతుంది.

యేసుకుమార్ చూపు కూడా ఏళ్ళ తరబడి అంచుల నుంచి మూసుకుపోతూ వచ్చి, గొట్టంలోంచి చూసినంత మిగిలింది. ఈ గదిలో అందరికీ అది తెలుసు. తెల్లకర్ర టకటకలాడిస్తూ తిరుగుతాడు. "కళ్ళజోడుకి లేని సిగ్గు కర్రకెందుకండీ?" అని కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ బోధిస్తాడు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, సాయంత్రం రామవరప్పాడు బస్సెక్కగానే ఆ కర్ర మడిచి సంచిలో దాచేదీ ఆయనే.

అక్కడ ఆయన చూపు సంగతి ఎవరికీ తెలీదు, ఆయన కంప్యూటర్ సారు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆయనే. శనివారం ఫోన్లో విని కంఠతా పట్టి, మర్నాడు బైబిలు తెరిచి, సరైన చోట పేజీ తిప్పుతాడు. ఆ చదువు పోతే తనకిక మిగిలేది జాలి ఒక్కటేనని ఆయన భయం.

మధ్యాహ్నం ఆమోసు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేసేవాడు. బ్యాటరీ పేలి రెండు కళ్ళూ పోయాయి. ఇవాళ అతని ఆఖరి క్లాసు. అవనిగడ్డలో ఒక ఆసుపత్రిలో ఫోన్లు తీసే పని దొరికింది, రేపే ప్రయాణం.

"సార్, మీ కర్ర ఒకసారి ఇస్తారా?"

ఇస్తే, కింది మొన చుట్టూ బొటనవేలు తిప్పి చూశాడు.

"బాగా అరిగిపోయింది సార్."

"నడిచినన్నాళ్ళు నడుస్తుందిలెండి."

ఆమోసు నవ్వి కర్ర ఇచ్చేశాడు. "ఇవాళ మా ఆవిణ్ణి రావద్దన్నా సార్. గుణదల దాకా బస్సులో ఒక్కణ్ణే వెళ్తా. స్టాపులు ఫోనే చెబుద్దిగా. మీరు నా వెనక సీట్లో కూర్చోండి. సాయం మాత్రం చెయ్యొద్దు. పిలిస్తేనే పలకండి, చాలు."

"అలాగే," అన్నాడు యేసుకుమార్. ఆ ధైర్యం చూసి ఆయనకు కడుపు నిండింది.

అనుకున్నట్టే ఆమోసు ముందు సీట్లో, ఆయన వెనక సీట్లో కూర్చున్నారు. మాచవరం దగ్గర చర్చి సంఘ పెద్ద జాన్సన్ గారు బస్సెక్కి, ఆయన పక్కనే కూలబడ్డాడు. యేసుకుమార్ సంచి జిప్పు చివరిదాకా లాగాడు.

"ఆదివారం కీర్తన మీరే చదవాలండోయ్. మీ గొంతు వింటేగాని మా ఆవిడకి ఆరాధన అయినట్టుండదు."

అంతలో ముందు సీట్లో ఫోను మాట మానేసింది. ఆమోసు దాన్ని ఊపాడు, చెవికి ఆనించుకున్నాడు. ఛార్జింగ్ అయిపోయింది.

"సార్, గుణదల వచ్చిందా?"

యేసుకుమార్ పలకలేదు.

"సార్... ఉన్నారా?"

ఆమోసు చెయ్యి సీటు మీదుగా వెనక్కి తడుముతోంది. అది మోకాలి దగ్గరికి వచ్చేసరికి యేసుకుమార్ కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. చూపులేనివాడికి కనబడకుండా పోవాలంటే నోరు మూసుకుంటే చాలని ఆయనకు కాక ఇంకెవరికి తెలుస్తుంది!

"పాపం, ఎవర్నో పిలుస్తున్నాడు. మీకు తెలిసినాయనా?" అడిగాడు జాన్సన్ గారు.

"తెలీదండి."

ఆమోసు చెయ్యి ఆగిపోయింది. నెలల తరబడి పాఠం చెప్పిన గొంతు అది. అతని మొహం మెల్లగా ఇటు తిరిగింది. యేసుకుమార్ సిగ్గుతో చచ్చిపోయాడు. ఇప్పుడైనా పలకవచ్చు. పలకలేకపోయాడు.

"గుణదల, గుణదల!" కండక్టరమ్మ అరిచింది.

ఆమోసు లేచి, జేబులోంచి ఏదో తీసి జాన్సన్ గారి గొంతు వినబడిన వైపు చాపాడు.

"ఏమండీ, ఇక్కడ మా సారు కూర్చుంటానన్నారు. బస్సు అందలేదేమో. కనబడితే ఇది ఇవ్వండి. మా షెడ్డులో లేత్ మీద తిప్పించా."

కర్రతో మెట్లు వెతుక్కుంటూ దిగిపోయాడు.

"నైలాను బిరడాలా ఉందే. ఏంటండీ ఇది?"

"ఏమోనండి," అన్నాడు యేసుకుమార్.

రామవరప్పాడులో జాన్సన్ గారు దాన్ని సీటు మీద పెట్టి లేచాడు. "ఆ సారెవరో వస్తే తీసుకుంటాడులెండి. రండి."

యేసుకుమార్ చెయ్యి సగం దాకా వెళ్ళి, సంచి పట్టీ దగ్గర ఆగింది. జాన్సన్ గారి వెనకే నడిచాడు. దిగే ముందు ఒక్కసారి తిరిగి చూశాడు. ఆ గొట్టమంత చూపులో ఖాళీ సీటు, దాని మీద బస్సు కుదుపుకి అటూ ఇటూ దొర్లుతూ, ఇంకా నేల తాకని తెల్లటి కర్ర మొన.