కొండబాబు అలిగిన మధ్యాహ్నం

నేను ఒక కండోమ్‌ని. పేరు వినగానే అలా అటూ ఇటూ చూడకండి, మిమ్మల్నెవరూ గమనించడం లేదు. నన్ను కొనడానికి మందుల షాపుకి వెళ్ళి, తలనొప్పి మాత్రలూ దగ్గు మందూ కొని, నా మాట ఎత్తకుండానే ఇంటికొచ్చేసే పెద్దమనుషులు మీలోనూ ఉన్నారని నాకు తెలుసు.

నేను పుట్టింది ఫ్యాక్టరీలో. రబ్బరు పాలలో గాజు అచ్చులు ముంచి నన్ను తయారు చేశారు, ఆరబెట్టారు, ఎక్కడైనా చిల్లుందేమోనని కరెంటు పెట్టి మరీ చూశారు. ఆ గండం గట్టెక్కి, రేకు పొట్లంలో ముడుచుకుని పడుకుని రావులపాలెం చేరాను. అక్కడ పాపాయమ్మ చేతిలో పడ్డాను. వయసులో ఉన్నప్పుడు ఆవిడా ఒళ్ళమ్ముకుని బతికిన మనిషే. ఇప్పుడు ఆ పనిలో ఉన్న ఆడవాళ్ళకి మమ్మల్ని పంచుతుంది, ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తపరీక్షలు చేయిస్తుంది. ఊరంతా అరటిగెలల వ్యాపారం కాబట్టి, మమ్మల్ని ఎలా తొడగాలో చూపించడానికి ఆవిడ సామాను వెతుక్కోనక్కర్లేదు.

పాపాయమ్మ నన్ను సత్యవేణికి ఇచ్చింది. సత్యవేణి నన్నూ నా తోబుట్టువుల్నీ పౌడరు డబ్బా వెనక పెట్టుకుంది. అక్కణ్ణుంచి మగవాళ్ళ మాటలు విని ఎంత నవ్వుకున్నానో! ఒకాయన తనది మంచి కుటుంబమన్నాడు, జబ్బులు కుటుంబం చూసి వస్తాయన్నట్టు. ఇంకొకాయన తర్వాత నిమ్మకాయ సోడాతో కడుక్కుంటే చాలన్నాడు. "అయితే ఆ సోడా బండి దగ్గరికే ఎల్లండి," అంది సత్యవేణి. గొణుక్కుంటూనే చివరికి అందరూ దారికొచ్చేవారు.

కొండబాబు దగ్గర మాత్రం సత్యవేణికి ఈ పట్టింపు లేదు. అరటి లోడు కోసం వచ్చే లారీ డ్రైవరతను. జ్వరమొస్తే సత్యవేణికి గంజి కాచి తాగించిన మనిషి. అతని ముందు నన్ను బయటికి తీస్తే ప్రేమకే అవమానమని ఇద్దరూ అనుకున్నారు. పరాయివాళ్ళ దగ్గరైతే జాగ్రత్త కావాలి, సొంతమనిషి దగ్గర నమ్మకం ఉంటే చాలట. రోగానికి ఈ వరసలన్నీ ఎవరు నేర్పారో మరి!

ఒకరోజు మధ్యాహ్నం లారీకి గెలలు ఎక్కిస్తుండగా కొండబాబు వచ్చాడు. సత్యవేణి నన్ను గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. ఇతనికి కోపమొచ్చి వెళ్ళిపోతే, ఆమెకి తనదంటూ మరో మనిషి లేడు.

"ఏంటే ఇది? నేనేవన్నా పరాయోణ్ణా?" అన్నాడు కొండబాబు.

"కాదు."

"మరి? నా మీద నమ్మకం లేదా?"

"బండెక్కేముందు టైర్లు కొట్టి సూసుకుంటావు కదా. రోజూ నువ్వు తోలే బండే. నమ్మెయ్యొచ్చుగా?"

"బండీ నేనూ ఒకటేనా?" అని చొక్కా తగిలించుకుని విసురుగా గుమ్మం దాకా వెళ్ళాడు. అలగడమైతే బాగానే అలిగాడు గానీ, ఒక చెప్పు తొడుక్కున్నాక రెండోది కనబడలేదు. వంగి మంచం కింద వెతకడం మొదలుపెట్టాడు. నాకు నవ్వొచ్చింది. సత్యవేణి ముఖం చూసి ఊరుకున్నాను.

"మొన్న పాపాయమ్మ నాకు రక్తం పరీక్ష సేయించింది," అంది ఆమె. "కాయితం వచ్చేదాకా ఆసుపత్రి బల్ల మీద కూకున్నాను. ఇక్కడికొచ్చే ఆళ్ళెవరి గురించీ నాకు బయవెయ్యలేదు. నీ ఒక్కడి గురించే బయవేసింది."

కొండబాబు వంగినవాడు వంగినట్టే తలెత్తాడు. "ఏవొచ్చింది?"

"ఏం లేదన్నారు. ఇంకోసారి అలా కూకోలేను కొండబాబూ. ఎల్తానంటే ఎల్లు, నేను ఆపను." నాకు భయమేసింది, నిజంగానే వెళ్ళిపోతాడేమోనని.

కొండబాబు చెప్పు వెతకడం మానేసి మంచం అంచున కూర్చున్నాడు. చెయ్యి చాపి నన్నందుకుని రేకు చింపాడు. ఇన్ని ఊళ్ళు తిరిగిన మనిషి, నన్ను తిరగేసి పట్టుకున్నాడు! "అలాక్కాదు," అంది సత్యవేణి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వి.

నా కథ అంతే. ఒక్కసారి పనికొచ్చి, ముడి వేయించుకుని, పాత పేపరులో చుట్టుకుని చెత్తబుట్టలో అరటితొక్కల పక్కన పడి ఉన్నాను. నాకేమీ దిగుల్లేదు. కొండబాబే చాలాసేపట్నుంచి పైకప్పుకేసి చూస్తూ పడుకున్నాడు. ఇప్పుడు గొంతు సవరించుకుని, మెల్లగా అడుగుతున్నాడు.

"వేణీ, ఆ ఆసుపత్రి ఎన్నింటికి తీత్తారే?"