తల్లిదండ్రులు కూర్చునే బల్ల

ఆవిరి రోలరు మింగిన దుప్పటి అవతలి పక్క నుంచి పొగలు కక్కుతూ బయటికొచ్చింది. బురుల్ దాని రెండు కొసలూ పట్టుకుని విదిలించింది. ఎదురుగా నిలబడ్డ కెన్జెగుల్ మిగతా రెండు కొసలూ అందుకుంది. ఒక అడుగు ముందుకు, ఒక మడత. మళ్లీ అడుగు, మళ్లీ మడత. బిష్కెక్‌లోని ఆ ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్లుగా బురుల్ మడత ఎన్నడూ వంకర పోలేదు. ఆ శనివారం మాత్రం రెండుసార్లు పోయింది.

"పొద్దుట్నించీ మడతలు కుదరటం లేదేమిటే?" అంది కెన్జెగుల్.

"పన్ను నొప్పి. పదింటికి వెళ్లి పీకించుకోవాలి."

కెన్జెగుల్ వంగి ఆమె ముఖంలోకి చూసింది. "పన్ను పీకించుకోడానికి పెదాలకు రంగెందుకే? డాక్టరు పెళ్లికానివాడా?"

బురుల్ గబుక్కున ముంజేత్తో పెదాలు తుడిచేసుకుంది.

యాభై మూడేళ్ల మనిషి. పొట్టిగా, నడుం దగ్గర గుండ్రంగా ఉంటుంది. ముంజేతుల మీద రోలరు కాల్చిన గీతలు, కొన్ని పాతబడి తెల్లగా, కొన్ని ఇంకా ఎర్రగా. పంతొమ్మిదో ఏట నారిన్ కొండల్లోంచి వచ్చి రెండేళ్లు కాపురం చేసింది. మొగుడు ఇంకో ఇల్లు చూసుకున్నాక ఆసుపత్రి వెనకున్న హాస్టల్లో ఒక గది దొరికింది. అందులోనే ఉండిపోయింది. పిల్లల్లేరు. ఆదివారాలు రొట్టె, టీ, కిటికీ.

నాలుగేళ్ల కిందటి చలికాలం మంచు మీద జారి మడమ విరగ్గొట్టుకుంది. మంచం మీద పడున్న నలభై రోజుల్లో ఫోన్లో ఒక బొమ్మల సీరియల్ దొరికింది. పేరు 'మబ్బుల దండు'. గద్దల మీదెక్కి ఎగిరే పిల్లల కథ. అందులో తైలక్ అనే మూగ కుర్రాడంటే ఆమెకు ప్రాణం. ఫోన్లోనే దాని అభిమానుల గుంపు ఒకటుందని తెలిసి, సొంత పేరుతోనే రెండు ముక్కలు రాసింది. "అత్తా, పొయ్యి మీద పులుసు మాడుతోంది చూసుకో" అని ఎవడో రాశాడు. నలభై మంది నవ్వారు. మర్నాడు ఆమె 'బూడిద తోడేలు' అన్న పేరుతో మళ్లీ వెళ్లింది. వయసు ఇరవై, పాలిటెక్నిక్‌లో చదువుతున్న కుర్రాడు. అప్పుడందరూ చదివారు.

ఆ చదివిన వాళ్లలో 'ఏడో బాణం' ఒకడు. తోడేలుని తమ్ముడూ అనేవాడు. తోడేలు అతన్ని అన్నా అనేది. పాతికేళ్లుంటాయని ఆమె లెక్క. ఒకసారి జ్వరమొచ్చిందని రాస్తే, "పాలలో తేనె కలుపుకుని తాగు, పాదాలు కప్పుకో" అని జవాబిచ్చాడు. ఆమె పాదాల సంగతి మాట్లాడిన మనిషి అంతకుముందు ఎవరూ లేరు. నెల కిందట మళ్లీ రాశాడు: "అభిమానుల పండక్కి ఓష్ నుంచి వస్తున్నా. నువ్వూ రావాలి. నీ ముఖం ఒకసారి చూడాలి. పన్నెండింటికి పెద్ద గడియారం కింద ఉంటా."

వస్తానని రాసింది బురుల్. దూరంగా నిలబడి అతన్నొకసారి చూసి, కనపడకుండా వచ్చేద్దామనుకుంది.

పండగ జరిగే హాలు ముందు బారు కిలోమీటరుంది. నీలం జుట్లు, అట్టముక్కల కవచాలు, వీపున ఈకల రెక్కలు. ముందున్న పిల్ల తన రెక్క తగిలించి, "సారీ అక్కా" అంది. అందరూ తననే చూస్తున్నారనిపించింది. ఎవరూ చూడటం లేదు, ఆ సంగతి ఆమెకు తెలుసు, అయినా కోటు కాలరు పైకి లాక్కుంది.

గుమ్మం దగ్గర పిల్లి చెవులు పెట్టుకున్న అమ్మాయి నవ్వింది. "పిల్లల్ని తీసుకొచ్చారా అక్కా? పెద్దవాళ్లు కూర్చోడానికి ఎడమ పక్క బల్లలున్నాయి. టీ కూడా ఇస్తారు."

జేబులో ఫోనుంది, అందులో టికెట్టుంది. తియ్యడానికి చెయ్యి రాలేదు. "అవును, పిల్లల్ని తీసుకొచ్చాను" అంది బురుల్.

ఆ బల్లలకు సరిగ్గా ఎదురుగానే గడియారం. ఒక బల్ల మీద డెబ్బై దాటిన ముసలాయనొకడు తెల్ల టోపీ పెట్టుకుని, పాత కోటు గుండీలన్నీ బిగించుకుని, పక్కకు తిరిగి కూర్చున్నాడు. ఆమె ఆ బల్ల చివర సర్దుకుంది.

"మనవల కోసమా అమ్మా?" అన్నాడాయన.

"ఆఁ. మీరు?"

"తెలిసిన కుర్రాడొకడున్నాడులే."

పన్నెండయింది. గడియారం కిందికి ఎందరో వచ్చారు, ఫోటోలు దిగారు, పోయారు. ఒంటరిగా ఎవరు ఆగినా బురుల్ మెడ చాచి చూసేది. పన్నెండున్నరకు కోటు జేబులో ఫోను వణికింది. "తమ్ముడూ, నేను వచ్చి కూర్చున్నా. నువ్వెక్కడ?"

తల ఎత్తింది. పక్కన ముసలాయన ఫోను ముక్కుకి ఆనించుకుని చూస్తున్నాడు. తెర మీద ఒక్కో అక్షరం బొటనవేలంత. బురుల్ ఉన్న చోటికి కూడా స్పష్టంగా కనిపించాయి: బూడిద తోడేలు.

చెవుల్లో రోలరు తిరుగుతున్నట్టు హోరు. ఈయన ఓష్ నుంచి కొండలు దాటి, పన్నెండు గంటలు కారులో కూర్చుని పాలిటెక్నిక్ కుర్రాడి కోసం వచ్చాడు. ఆ కుర్రాడు లేడు. లేడని చెప్తే? "అత్తా" అని మళ్లీ అందరూ నవ్వుతారు. నవ్వితే నవ్వారు, ఈయన ముఖం ఏమవుతుంది? ఆమె ఫోను కోటు చాటున పెట్టుకుని కొట్టింది: "రాలేను అన్నా. పన్ను నొప్పి."

పక్కనే ఆయన చదవటం చూసింది. ఒకసారి చదివాడు. ఫోను కాస్త దూరం జరిపి, మళ్లీ దగ్గరికి తెచ్చి, ఇంకోసారి చదివాడు. మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

"పిల్లాడు రాడట" అన్నాడు, ఆమెతోనో గాలితోనో. "పాపం, పన్ను నొప్పట."

"ఇంకోసారి చూద్దురు లెండి" అంది బురుల్.

"ఇంకోసారి చూపుండదమ్మా. కంటి నడిమి భాగం పోయింది, అంచుల్లోంచి చూసుకుంటున్నా. చలికాలం దాటితే అదీ ఉండదన్నాడు డాక్టరు." టోపీ సవరించుకున్నాడు. "మా ఇంట్లో వాళ్లు నవ్వుతారు, ముసలాడికి బొమ్మల పిచ్చేమిటని. ఈ కుర్రాడొక్కడే నాతో సరిగ్గా మాట్లాడేవాడు. సరే, బజారు దగ్గర ఓష్ వెళ్లే కారు ఆగుంది, చీకటి పడకముందు కొండ దాటాలి."

లేచి, చేత్తో గోడ తడుముకుంటూ వెళ్లాడు.

బురుల్ గడియారం వైపు చూస్తూ కూర్చుంది. ఎవరో టీ కప్పు చేతిలో పెట్టారు. కప్పు బల్ల మీద పెట్టి పరుగెత్తింది, ఒకసారి విరిగిన ఆ మడమతోనే, రెక్కల మధ్య నుంచి, అట్ట కత్తుల మధ్య నుంచి.

ఆయన రోడ్డు దాటేచోట నిలబడిపోయి ఉన్నాడు. పచ్చ దీపం వెలిగి ఆరింది, మళ్లీ వెలిగింది. ఆయనకు తెలియలేదు.

"అన్నా!" అంది. ఆయన తిరగలేదు. "ఏడో బాణం అన్నా! నేనే. తోడేలుని."

ఆయన తిరిగాడు. బురుల్ కళ్లు మూసుకుంది. నవ్వు కోసం చూసింది. తిట్టు కోసం చూసింది. కళ్లు తెరిచేసరికి ఆయన జానెడు దూరంలో ఉన్నాడు. తల పక్కకు వాల్చి, ముందు ఒక కంటి అంచుతో, తర్వాత రెండో కంటి అంచుతో ఆమె నుదురు, చెంపలు, చెరిగిన పెదాలు చూశాడు. చాలాసేపు చూశాడు.

"అయితే పెద్దదైపోతుందే" అన్నాడు.

"ఏమిటి?"

కోటు గుండీలు విప్పి లోపల్నుంచి ఒక తోలు చేతొడుగు తీశాడు. తైలక్ తన గద్దను మోసే ఎడమచేతి తొడుగు, సీరియల్లో ఉన్నట్టే. "నలభై ఏళ్లు చెప్పులు కుట్టినవాణ్ణి, కొలత ఎప్పుడూ తప్పలేదు. కుర్రాడివన్నావని పెద్ద చెయ్యి పెట్టా."

"నన్ను క్షమించు అన్నా, అబద్ధమాడాను. భయమేసింది."

"నాకు మాత్రం? ఆ పిల్లి చెవుల పిల్ల బల్ల చూపిస్తే నోరు మూసుకుని వచ్చి కూర్చోలా? నేను పాతికేళ్ల వాణ్ణని నువ్వనుకుంటున్నావని నాకు తెలుసు. కాదని ఎప్పుడైనా చెప్పానా?" గొంతులో నవ్వు తొణికింది. "ఇక ముందు అక్షరాలు పంపకు, కనపడవు. మాట్లాడి పంపు. మగ గొంతు మాత్రం పెట్టకేం, చెల్లెమ్మా."

ఆమె మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. బజారు దగ్గర ఆయన్ని కారులో కూర్చోబెట్టి, కోటు అంచు తలుపులో పడకుండా లోపలికి సర్దింది. కారు కదిలాక కూడా ఆయన తల పక్కకు వాల్చే ఉంచాడు, అంచుల్లోంచి ఆమె కనిపించినంతసేపూ.

సోమవారం పొద్దున లాండ్రీలో చేతొడుగు మడతల బల్ల మీద ఉంది. కెన్జెగుల్ తీసి చూస్తూ, "పన్ను డాక్టరు ఇచ్చాడా?" అంది. బురుల్ మొదటి దుప్పటి రోలరుకి అందించింది. తోలు మీద బొటనవేలి కుట్టు పక్కన, చూపు ఆనక ముందు తప్పు చోట దిగిన సూది చిల్లులు, దారం లేకుండా, వరసగా ఉన్నాయి.